మొదట తగిలిన బిళ్ళ

మా మేనమామను కోర్టులో అందరూ బిందె గారు అనేవారు. చాటున కాదు, మొహం మీదే. ఆయన కూడా అదే తన పేరైనట్టు పలికేవాడు. ఉద్యోగం బంట్రోతు. ఫైళ్ళు మోయడం, గంట కొట్టడం, జడ్జీల కుర్చీలు తుడవడం ఆయన పని. అయితే ఆ కోర్టులో ఏ కేసు ఏ జడ్జి ముందుకు వెళ్ళాలో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తేల్చింది మాత్రం ఆయన కుడిచెయ్యే.

వినడానికి విడ్డూరంగా ఉంటుంది కాబట్టి వివరంగా చెబుతాను. మా కోర్టులో ఆరు హాళ్ళు, హాలుకొక జడ్జి. వాళ్ళందరి మీదా ఒక పెద్ద జడ్జి. కొత్తగా వేసిన కేసు ఏ హాలుకు వెళ్ళాలనేది ఎవరి ఇష్టం మీదా ఉండకూడదని పాతకాలంలో ఎవరో బుద్ధిమంతులు ఒక కట్టుబాటు పెట్టారు. ప్రభుత్వం చెప్పకూడదు, పెద్ద జడ్జి చెప్పకూడదు, కేసు వేసినవాడూ చెప్పకూడదు. పొద్దున కోర్టు మొదలయ్యే ముందు వరండాలో బల్ల మీద ఒక రాగి బిందె పెట్టేవారు. హెడ్ క్లర్కు అందరూ చూస్తుండగా అందులో ఆరు ఇత్తడి బిళ్ళలు వేసి గలగల ఊపేవాడు. బిళ్ళల మీద హాలు నంబరు రంగుతో రాసి ఉండేది. చెక్కితే వేలికి తెలిసిపోతుందని రంగుతో రాసేవారు. హెడ్ క్లర్కు కేసు పేరు చదవగానే మామయ్య చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి, మొహం గోడవైపు తిప్పుకుని, బిందెలో చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తీసేవాడు. ఏ నంబరు వస్తే కేసు ఆ హాలుకు వెళ్ళేది.

తీసేవాడికి ఉన్న నియమం ఒక్కటే. వేలికి మొదట తగిలిన బిళ్ళ తీయాలి. తడమకూడదు, వెతకకూడదు, ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోకూడదు. ఆ పని బంట్రోతుకే ఎందుకిచ్చారంటే దానికీ ఒక లెక్క ఉంది. ఏ కేసు ఎటుపోయినా నీకు ఒరిగేదేమీ లేదు, అందుకే నిన్ను పెడుతున్నాను అన్నాడట ఆయన్ని నియమించిన పాతకాలపు పెద్ద జడ్జి. ఆ మాటను మామయ్య బిరుదులా పదిమందికీ చెప్పుకునేవాడు. నాకైతే అందులో చిన్నచూపే కనిపించేది. ఆ సంగతి అంటే నవ్వి ఊరుకునేవాడు.

ఈ చేతి నిష్ఠ ఇంటికి కూడా పాకింది. ఆయన్ని కూరగాయలకు పంపితే బుట్టలో మొదట చేతికందినవే ఏరకుండా తెచ్చేవాడు. పుచ్చు వంకాయలు, మెత్తబడిన టమాటాలు, ముదిరిపోయిన బెండకాయలు. మా అత్తయ్య తల పట్టుకునేది. మీ ఆయన బిందెలోంచి తీసుకొచ్చాడా అని పక్కింటివాళ్ళు వేళాకోళం చేసేవారు. చివరికి ఆవిడే సంచి పట్టుకుని బయల్దేరింది. వకీళ్ళ ఇళ్ళల్లో శుభకార్యాలకు ఆయన వెళ్ళేవాడు కాదు. కోర్టు కాంటీనులో టీ తాగేవాడు కాదు, ఎవరైనా పక్కన కూర్చుని మాట కలుపుతారని. నేను కోర్టు గేటు ఎదురుగా టైపింగు దుకాణం పెట్టుకున్నాను. వకీళ్ళు, కేసులవాళ్ళు అర్జీలు టైపు చేయించుకుంటారు. సొంత మేనకోడలి దుకాణంలో ఆయన ఒక్కనాడూ కుర్చీ లాక్కుని కూర్చోలేదు. నా చేతిలో ఏ కేసు కాగితం ఉందో తన కంటపడకూడదని రోడ్డుకు అవతలి పక్క నుంచి నడిచిపోయేవాడు. నేను ఒంటరిగా ఆ దుకాణం నెట్టుకొస్తున్న రోజుల్లో, ఆ పక్కచూపులు చూసి నాకు కడుపు మండేది. నన్ను చూస్తే ఏదో అంటువ్యాధి ఉన్నదాన్ని చూసినట్టు తప్పుకుంటావేమని ఒకసారి మొహం మీదే అడిగేశాను. ఆయన బాధపడ్డాడు కానీ దారి మార్చుకోలేదు.

అలాంటి చెయ్యి కాబట్టే జనానికి ఆ బిందె మీద గురి. కేసు ఓడిపోయినవాళ్ళు జడ్జిని తిట్టారు, వకీలును తిట్టారు, తమ రాతను తిట్టుకున్నారు. మా మామయ్య చేతిని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

తర్వాత ప్రభుత్వం ఒక చట్టం మార్చింది. అంతకుముందు పెద్ద జడ్జి దిగిపోతే మిగతావాళ్ళలో అందరికంటే సీనియరు ఆ కుర్చీలో కూర్చునేవారు. అందులో ఎవరి దయాదాక్షిణ్యాలకూ చోటు లేదు. కొత్త చట్టం ప్రకారం పెద్ద జడ్జిని ఒక కమిటీ ఎంపిక చేస్తుంది. కమిటీలో సగానికి పైగా మంత్రులు, మంత్రులు కూర్చోమన్న మనుషులు. సమర్థుల్ని ఎంచుకోవడానికే ఈ మార్పు అని రేడియోలో చెప్పారు. వకీళ్ళు ఒంటికాలి మీద లేచారు. కోర్టుకు రామన్నారు, గేటు ముందు కూర్చున్నారు, నా దుకాణంలోనే కరపత్రాలు వేయించారు. కొన్నాళ్ళకు కక్షిదారులు జారిపోతున్నారని ఒక్కొక్కరే నల్లకోటు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయారు.

సీనియారిటీ ప్రకారం ఆ కుర్చీ మూడో హాలు జడ్జి గారికి రావాలి. ఆవిడ ముక్కుసూటి మనిషి. ప్రభుత్వ వకీలు వాయిదా అడిగితే ఎందుకని నిలదీసేది. ఆవిడను దాటించి ఎక్కడినుంచో ఒకాయన్ని తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన వచ్చీరాగానే వరండాకు రంగులు వేయించాడు. బంట్రోతులకు కొత్త చొక్కాలు కుట్టించాడు. మా మామయ్యను ఆపి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. మామయ్య ఉబ్బిపోయి ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాడు. తర్వాత ఒక చిన్న మార్పు. బిళ్ళలు హెడ్ క్లర్కు సొరుగులో ఉంటే భద్రం కాదట, ఇకమీదట పెద్ద జడ్జి గదిలో ఉంటాయి, పొద్దున గుడ్డ కప్పిన పళ్ళెంలో బయటికొస్తాయి. దీనికి ఎవరూ కిమ్మనలేదు. కరపత్రాలు వేయించినవాళ్ళు కూడా ఇంత చిన్న విషయానికి గొడవెందుకని ఊరుకున్నారు.

ఆ ఎండాకాలంలోనే బట్టల కార్ఖానా కాలిపోయింది. లోపల కుట్టుమిషన్ల మీద పనిచేస్తున్న ఆడపిల్లలు కాలిపోయారు. పిల్లలు మధ్యలో బయటికి పోకుండా గేటుకు బయటినుంచి తాళం వేసి ఉంచారు. కార్ఖానా యజమాని ఒక మంత్రికి స్వయానా బావమరిది. పోలీసులు తాళం ఊసెత్తకుండా, వైర్లు కాలాయని రాసి, తప్పంతా కాపలావాడి మీదకు నెట్టారు. ఆ కాపలావాడు కూడా అందులోనే చచ్చిపోయాడు కాబట్టి ఇక ఎవరినీ పట్టుకోనక్కర్లేకుండా చేతులు దులుపుకున్నారు.

దర్యాప్తు మళ్ళీ జరిపించమని ఆ పిల్లల తల్లులు వేసిన అర్జీ టైపు చేసింది నేనే. వాళ్ళకు పెద్ద దిక్కుగా నిలబడింది ఒక కుట్టుపని ఆవిడ. తను ఇంట్లో మిషను కుట్టి కూతురికి పని నేర్పి, మంచి జీతమని ఆ కార్ఖానాకు పంపింది. నా ఎదురుగా కూర్చుని ఏడవకుండా అంతా చెప్పింది. ఆ రోజు పిల్ల కొత్త చెప్పులు వేసుకెళ్ళింది, అది కూడా రాయమంది. కోర్టుకు అది అక్కర్లేదక్కా అన్నాను. అక్కర్లేకపోయినా రాయమంది. రాశాను.

అర్జీ మూడో హాలుకు పడితే దర్యాప్తు మళ్ళీ మొదలవుతుందని, ఆరో హాలుకు పడితే అక్కడే సమాధి అవుతుందని గేటు బయట బఠాణీలు అమ్మేవాడికి కూడా తెలుసు. ఆరో హాలు జడ్జి ప్రభుత్వ వకీలు దగ్గితే తనూ దగ్గే రకం.

బిళ్ళ తీసే రోజు నేను దుకాణం మూసి కుట్టుపని ఆవిడతో పాటు వరండాలో నిలబడ్డాను. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. స్తంభం మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటోంది. యజమాని తరఫు పెద్ద వకీలు ముందు వరసలో రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. గుడ్డ కప్పిన పళ్ళెం వచ్చింది. హెడ్ క్లర్కు ఎవరి వంకా చూడకుండా బిళ్ళలు బిందెలో పోసి, ఎందుకో ఆ రోజు గబగబా ఒక్క ఊపే ఊపి, మొట్టమొదట మా కేసు పేరే చదివాడు. మామయ్య చొక్కా చెయ్యి మడిచాడు. మొహం గోడవైపు, అంటే మేము నిలబడ్డ వైపు తిప్పాడు. చెయ్యి బిందెలోకి వెళ్ళింది. వెళ్ళిన చెయ్యి ఎప్పట్లా వెంటనే రాలేదు. ఆయన కనుబొమలు ముడిపడటం నేను చూశాను. తర్వాత చెయ్యి బయటికొచ్చింది. హెడ్ క్లర్కు బిళ్ళ అందుకుని, చూసి, తిప్పి మళ్ళీ చూసి గానీ చదవలేకపోయాడు. మూడో హాలు.

కుట్టుపని ఆవిడ నా మణికట్టు పట్టుకున్న పట్టుకు గాజులు చిట్లాయి. తల్లులు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. నాకూ కళ్ళు చెమర్చాయి. మామయ్య మాత్రం మాకేసి చూడలేదు. తర్వాతి కేసుకు మళ్ళీ చెయ్యి పెట్టాడు.

సాయంత్రం అత్తయ్య కబురంపింది, మీ మామయ్య ముద్ద ముట్టడం లేదు, ఒకసారి రమ్మని. వెళ్ళేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు.

"మొదట తగిలింది తియ్యలేదే," అన్నాడు నన్ను చూడగానే.

ఏమిటంటే చెప్పాడు. చెయ్యి పెట్టగానే పైన తగిలిన బిళ్ళ చల్లగా ఉంది. ఆ ఎండలో మంచులోంచి తీసినట్టు ఉంది. పక్కనున్నవన్నీ వేడి. పెద్ద జడ్జి గదిలో ఫ్రిజ్ ఉన్న సంగతి కుర్చీలు తుడిచే ఆయనకు తెలియనిది కాదు. చల్లటి బిళ్ళ తీయమని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పకుండానే తీస్తాడని వాళ్ళ ధీమా, ఎందుకంటే మొదట తగిలింది వదిలే మనిషి కాదని లోకానికంతా తెలుసు. పైగా అది పైనే ఉండేట్టు పోశారు. ఒకవేళ అది మొదట తగలకపోయినా చల్లదనం చూసి తనే అర్థం చేసుకుంటాడని అనుకున్నారేమో. ఆయన వదిలేసి, పక్కది పట్టుకున్నాడు.

వాళ్ళ కుట్ర వాళ్ళ మొహాన కొట్టావు, మంచి పని చేశావు, లేచి అన్నం తిను అన్నాను. అప్పుడే దాన్ని బయటికి తీసి పదిమందికీ చూపించాల్సింది అని కూడా అన్నాను. ఎవరి చేతికైనా ఇచ్చేలోపు వేడెక్కిపోయేదన్నాడు. అయినా తను ఏదీ ఆలోచించలేదట, చెయ్యి దానంతటదే వదిలేసిందట.

"వాళ్ళు ఒకటి ఎంచారు. నేను అది కాదని ఇంకోటి ఎంచాను. ఎంచడానికా నన్నక్కడ పెట్టింది?"

"వాళ్ళు దొంగలు మామయ్యా. నువ్వు దొంగవి కాదు."

"బిందెలో చెయ్యి పెట్టాక ఎవరైతేనేం," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఈ వేదాంతం ఇంట్లోనే పెట్టుకో, ఎవరైనా అడిగితే మొదట తగిలిందే తీశానని చెప్పు, ఆ ఒక్క మాట చాలు, ఇంకేమీ అక్కర్లేదని గట్టిగా చెప్పాను. అత్తయ్య ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, నోరు కుట్టేసుకోండి, మీకు పుణ్యముంటుంది అని బతిమాలింది.

నేను భయపడినట్టే అడిగారు. బంట్రోతు చెయ్యి బిందెలో మామూలు కంటే ఎక్కువసేపు ఉందని పెద్ద వకీలు ఫిర్యాదు పెట్టాడు. విచారణకు పెద్ద జడ్జి తనే కూర్చున్నాడు. అందరికీ వినపడాలని తలుపులన్నీ తీయించాడు. నేనూ, కుట్టుపని ఆవిడా గుమ్మం దగ్గర నిలబడ్డాం. మూడో హాలు జడ్జి గారు కూడా వచ్చి వెనక నిలుచుంది. మామయ్య కొత్త చొక్కా వేసుకుని, నిజమే చెబుతానని ప్రమాణం చేశాడు.

పెద్ద జడ్జి చాలా మెత్తగా అడిగాడు. "మొదట తగిలిన బిళ్ళే తీశావా?"

అవునండీ అంటే అయిపోయేది. లోపల ఏం తగిలిందో ఆ చేతికి తప్ప ఇంకెవరికీ తెలియదు. నేను మనసులో ఆ మాట ఆయన నోట్లో పెట్టి తోస్తున్నాను.

"లేదండీ," అన్నాడు.

కుట్టుపని ఆవిడ ఊపిరి పీల్చడం నాకు వినపడింది.

"అది చల్లగా ఉందండీ. మిగతావి వేడిగా ఉన్నాయి. పైనుంచి ఎవరో దాన్ని—"

"అడిగినదానికి చెప్పు. మొదట తగిలింది వదిలేసి ఇంకొకటి తీశావు. అవునా?"

"అవునండీ."

చాలన్నాడు పెద్ద జడ్జి. చల్లదనం సంగతి విషయానికి సంబంధం లేనిది, రాసుకోవద్దన్నాడు. మా మామయ్య మళ్ళీ నోరు తెరిచాడు. అది కూడా రాయండి సార్, అదీ నిజమే కదా అని టైపిస్టు వైపు తిరిగి అడిగాడు. టైపిస్టు తల వంచుకుంది. మూడో హాలు జడ్జి గారు ఏదో అనబోతే, ఆ కేసు ఆవిడ హాలుకే పడింది కాబట్టి ఇందులో ఆవిడ మాట్లాడటం పద్ధతి కాదని పెద్ద జడ్జి ఎంతో మర్యాదగా ఆపేశాడు. పద్ధతి అనే మాట ఆయన నోట వినాల్సి వచ్చింది.

ఆర్డరు మర్నాడే వచ్చింది. నా దుకాణంలోనే జనం దానికి జిరాక్సులు తీయించుకున్నారు. ఒక అవినీతి చేతి వల్ల బిందె పద్ధతి నమ్మకం కోల్పోయింది. ఆ రోజు తీసిన బిళ్ళ చెల్లదు. ఇకమీదట ఏ కేసు ఏ హాలుకు వెళ్ళాలో పెద్ద జడ్జి స్వయంగా నిర్ణయిస్తారు. న్యాయస్థానం స్వతంత్రతను కాపాడటానికే ఈ ఏర్పాటు. బంట్రోతును ఉద్యోగం నుంచి తీసేస్తున్నాం. పేపర్లు దీన్ని పొగిడాయి. వకీళ్ళలో కొందరు, బిందె గారు కూడా ఇలాంటివాడని అనుకోలేదే అని నా ఎదుటే నొచ్చుకున్నారు. వాళ్ళ కాగితాలు వాళ్ళ మొహాన విసిరి కొట్టాలనిపించింది. విసరలేదు, నా పొట్ట కూడా ఆ గేటు మీదే ఆధారపడి ఉంది.

అర్జీ ఆరో హాలుకు వెళ్ళింది. వానలు పడేలోపే కొట్టేశారు. మూడో హాలు జడ్జి గారిని బస్సు కూడా సరిగ్గా వెళ్ళని ఊరికి బదిలీ చేశారు. ఆవిడ పుస్తకాలు ఆవిడే అట్టపెట్టెల్లో సర్దుకుంది. మామయ్య వెళ్ళి పెట్టెలు మోయబోతే, నువ్విప్పుడు ఇక్కడి మనిషివి కాదుగా, నీకెందుకు శ్రమ అందట. ఆవిడ మంచికే అని ఉంటుంది. ఆయనకు మాత్రం అది గుచ్చుకుంది.

అర్జీ కొట్టేసిన వారంలో కుట్టుపని ఆవిడ నా దుకాణానికి వచ్చి, మీ మామయ్య ఇల్లు చూపించమంది. ఎందుకని అడగలేదు, తీసుకెళ్ళాను. మామయ్య లేచి తన కుర్చీ ఆవిడకు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు. అత్తయ్య తెచ్చిన మంచినీళ్ళు కూడా తీసుకోలేదు.

"అన్నయ్యగారూ, ఒక్క అబద్ధం ఆడితే మీ సొమ్మేం పోయేది?" అంది.

ప్రమాణం చేశానమ్మా అన్నాడు మామయ్య. తప్పు చేసి, అది చేయలేదని ఎలా చెప్పను అన్నాడు. చల్లటి సంగతి కూడా రాసుకుంటారనుకున్నాను, రెండూ రాస్తే నిజం తేలుతుందనుకున్నాను అన్నాడు. ఇన్నేళ్ళు ఆ వరండాలో నిలబడ్డ మనిషి, తలుపులు తీసి ఉంచినంత మాత్రాన నిజం వింటారని నమ్మాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ వింది.

"మీ మాట మీకు దక్కింది. మా పిల్ల మాకు దక్కలేదు," అని మెట్లు దిగింది. ఆవిడ వెనకాల వెళ్ళాలో, ఈయన దగ్గర ఉండాలో తెలియక నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

మామయ్య నా వైపు తిరిగి, నువ్వేమంటావే అని అడిగాడు. మా అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. ఆయన్ని ఓదార్చాలంటే మాటలు నాకు లేకపోలేదు. నువ్వు చేసిందే ధర్మం, లోకమే పాడైపోయింది అనొచ్చు. బయట చాలామంది దగ్గర అలాగే అన్నాను కూడా. కానీ ఆ చెప్పుల మాట టైపు చేసిన చేతులు నావి.

"ఆవిడన్నదే నేనూ అంటాను మామయ్యా," అన్నాను.

ఆయన తల ఊపాడు. కోపం తెచ్చుకోలేదు. కోర్టులో పనిచేసినన్నాళ్ళూ, ఇంట్లో నేనూ అత్తయ్యా పోట్లాడుకుంటే కూడా ఎవరిది తప్పో చెప్పని మనిషి, వీధి వైపు చూస్తూ, "ఆవిడదే న్యాయం," అన్నాడు. ఆ మాట అనేసరికి ఆవిడ మలుపు తిరిగి వెళ్ళిపోయింది.